చిన్నపిల్లలున్న ఇంట్లో ఉగాది: బిడ్డ చేతితో పచ్చడి, బొబ్బట్లు చేయించడం ఎలా?

విజయవాడలో ఉగాది వచ్చేనాటికి ఎండ ముదురుతుంది. ఉదయం పది దాటితే పొయ్యి దగ్గర నిలబడలేనంత ఉక్కపోస్తుంది. పచ్చడి, బొబ్బట్లు, పులిహోర, గారెలు అన్నీ ఆ ఒక్క ఉదయమే ముగించాలనుకుంటే ఇంట్లోని మూడేళ్ల బిడ్డో, నాలుగేళ్ల బిడ్డో పనికి అడ్డంగా కనిపిస్తుంది. చేతికి ఫోను ఇచ్చి పక్క గదిలో కూర్చోబెట్టడం తప్ప పెద్దలకు దారి ఉండదు. అలా కూర్చున్న బిడ్డ, కాసేపటికి పచ్చడి గిన్నె నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకోవడంలో వింత లేదు. అదే బిడ్డ వేపపువ్వు తానే నలిపి, బెల్లం తానే చిదిపి, పూర్ణం ఉండ తానే చుట్టి ఉంటే రుచి చూడడానికి ముందుకు వస్తుంది. అందుకు పండుగ పనిని నాలుగు రోజులకు పంచుకోవాలి, ప్రతి రోజూ బిడ్డకు ఒక నిజమైన పని అప్పగించాలి. ఆటకోసం ఇచ్చే ఉత్తుత్తి పనిని పిల్లలు వెంటనే పసిగడతారు కాబట్టి, వాళ్లు చేసినది తప్పకుండా వంటలోకి చేరేటట్టు చూడండి.

నాలుగు రోజుల ముందు: సరుకులు

పండుగ ముందురోజు సాయంత్రం వన్‌టౌన్‌లోని కాళేశ్వరరావు మార్కెట్‌కు చిన్నపిల్లలతో వెళ్లడం అందరికీ శ్రమే. జనం ఎక్కువ, ధరలూ ఎక్కువ. నాలుగు రోజుల ముందు, తెల్లవారి ఏడింటిలోగా అక్కడికో, మీకు దగ్గరలోని రైతుబజారుకో వెళ్లండి. బిడ్డ భుజానికి చిన్న గుడ్డసంచి తగిలించి, మామిడికాయ ఏరే పనిని తనకే వదిలేయండి. టెంక ఇంకా ముదరని పుల్లటి కాయ కావాలని చెప్పి, రెండు కాయలు చేతికిచ్చి వాసన చూడమనండి. తొడిమ దగ్గర జీడి వాసన ఘాటుగా వచ్చే కాయ పచ్చడికి మంచిది. అయితే ఆ జీడి చర్మం మీద పడితే పొక్కుతుంది కనుక, తొడిమ కోయడం, కడగడం పెద్దలే చేయాలి.

చింతపండు కొత్తది కావాలి. కొత్త చింతపండు ఎర్రగా, గోధుమరంగుకు దగ్గరగా ఉంటుంది, పాతబడినకొద్దీ నల్లబడుతుంది. బెల్లం విషయంలో మెరిసే పసుపు రంగుకు ఆశపడవద్దు. రంగు తేలడానికి రసాయనాలు వాడిన బెల్లమే చాలాసార్లు అలా కనిపిస్తుంది. ముదురు గోధుమరంగు బెల్లం చూపుకు అంత బాగుండకపోయినా బిడ్డకు పెట్టడానికి అదే మేలు. పచ్చిశనగపప్పు, పెసరపప్పు, యాలకులు, మిరియాలు, నెయ్యి ఈ రోజే తెచ్చి పెట్టుకుంటే మళ్లీ బజారు ముఖం చూడనక్కర లేదు. మామిడాకులు, పూలు మాత్రం ముందురోజు తెచ్చుకోవాలి.

రెండు రోజుల ముందు: వేపపువ్వు

నా దృష్టిలో పండుగ పనులన్నింటిలో పిల్లలకు బాగా తగినది ఇదే. వేపపువ్వును పొట్లాలు కట్టి అమ్ముతారు. అయినా, కాలనీలోనో పార్కులోనో చెట్టు ఉంటే అక్కడికే తీసుకువెళ్లండి. వాహనాల దుమ్ము పడే రోడ్డు పక్క చెట్టు వద్దు. తెల్లవారి ఆరు, ఏడు గంటల మధ్య కొమ్మ కింద పాత పంచె పరిచి, కొమ్మను మెల్లగా కదిపితే విచ్చిన పువ్వు రాలుతుంది. పంచె అంచు పట్టుకోవడం బిడ్డ పని.

ఇంటికి వచ్చాక పువ్వును ఒక పళ్లెంలో పోసి, నీడన గంటసేపు ఆరనివ్వండి. తరువాత బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకొని, చిటికెడు పువ్వు తన అరచేతిలో పోసి, రెండో అరచేతితో నెమ్మదిగా నలపమనండి. తెల్లని రేకులు విడిపోయి, ఆకుపచ్చని సన్నని కాడలు చేతికి గుచ్చుకుంటున్నట్టు తెలుస్తాయి. ఆ నలిపినదానిని చాటలో పోసి మీరు ఒకసారి చెరిగితే రేకులొకవైపు, కాడలొకవైపు చేరతాయి. చాట లేకపోతే పళ్లెంలో పోసి బిడ్డ చేతనే మెల్లగా ఊదించండి; రేకులు జరుగుతాయి, కాడలు అక్కడే నిలుస్తాయి. పచ్చడిలోకి ఈ రేకులే వాడాలి. కాడలు, మొగ్గలు కలిస్తే చేదు పిల్లలు భరించలేనంత అవుతుంది. పని మధ్యలో బిడ్డ వేలు నోట్లో పెట్టుకొని మొహం ముడిస్తే కంగారు పడనక్కర లేదు, పండుగనాటి రుచికి అదే మొదటి పరిచయం.

పచ్చడికి ఒక పెద్ద చెంచాడు రేకులు సరిపోతాయి. మిగిలినదానిని నీడన ఎండబెట్టి సీసాలో పోసుకుంటే చారులోకి వాడుకోవచ్చు. ఒక హెచ్చరిక: పచ్చడిలో చిటికెడు పువ్వు వేరు, వేపనూనె వేరు. పసిపిల్లలకు వేపనూనె కడుపులోకి పోవడం ప్రమాదకరం కాబట్టి దానిని అందని చోట ఉంచండి.

ముందురోజు: తోరణం, పూర్ణం

తోరణానికి ఒకే పొడవున్న మామిడాకులు ఏరి, కడిగి, తడి తుడిచి, వరుసగా అందించే పని బిడ్డకు ఇవ్వండి. ఆకును తొడిమ వైపు పురికొస మీదుగా మడిచి, చీపురుపుల్ల ముక్కతో గుచ్చేది మీరు. ఐదేళ్లు దాటిన పిల్లలైతే మీరు మడిచి పట్టుకున్నప్పుడు పుల్ల తామే గుచ్చగలరు. నడుమ నడుమ బంతిపూలు కూడితే చాలు, ఈ పని అరగంటకు మించి సాగదీయవద్దు.

బొబ్బట్ల పూర్ణం కూడా ముందురోజే చేసుకోవాలని నా గట్టి సలహా. వేడి పూర్ణం దగ్గరకు పిల్లలను రానివ్వలేము; చల్లారిన పూర్ణమైతే వాళ్ల చేతికి పూర్తిగా అప్పగించవచ్చు.

ఒక గ్లాసు పచ్చిశనగపప్పును గంటన్నర నానబెట్టి, నాలుగు గ్లాసుల నీళ్లలో తెరిచిన గిన్నెలోనే ఉడికించండి. కుక్కరులో పెడితే పప్పు మెదిగి నీరు పీల్చుకుంటుంది, పూర్ణం జారుతుంది. గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలగాలి, గిన్నెలో మాత్రం బద్ద బద్దగానే కనిపించాలి. ఆ దశలో దించి, చిల్లుల గిన్నెలో పోసి పది నిమిషాలు ఆగండి. కిందికి దిగిన నీటిని పారబోయవద్దు, రాత్రి చారులో పోస్తే చారుకు మంచి చిక్కదనం వస్తుంది. నీరు పూర్తిగా ఓడిన పప్పును తడి తగలకుండా మెత్తగా రుబ్బి, ఒక గ్లాసు తురిమిన బెల్లం కలిపి, అడుగు మందమున్న గిన్నెలో సన్నని మంట మీద పెట్టండి. బెల్లం కరగగానే ముద్ద పలచబడుతుంది. అక్కడ భయపడి పిండి కలిపేవారున్నారు, అది అవసరం లేదు. అడుగంటకుండా కలుపుతూ ఉంటే పది నిమిషాలలో ముద్ద గిన్నె అంచులను వదిలి గరిటె చుట్టూ చేరుతుంది. యాలకుల పొడి, చెంచా నెయ్యి కలిపి దించండి.

సాయంత్రానికి అది బాగా చల్లారుతుంది. అప్పుడు బిడ్డ అరచేతులకు నెయ్యి రాసి, ఉండలు చుట్టమనండి. మొదటి ఉండ ఉసిరికాయంత, రెండోది నిమ్మకాయంత, మూడోది నొక్కులు పడి పలకలు పలకలుగా వస్తుంది. వాటిని సరిచేయవద్దు. బిడ్డ చుట్టిన ఉండలను ఒక చిన్న పళ్లెంలో విడిగా పెట్టి, మర్నాడు వాటితో బిడ్డ బొబ్బట్లే చేయండి, తాను చేసినవి ఏవో తనకు గుర్తుంటుంది. ఉండలను మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఈ ఎండలకు రాత్రంతా బయట ఉంచడం మంచిది కాదు.

ఉగాది ఉదయం: ఆరు రుచులు, తరువాత పచ్చడి

తెల్లవారగానే, స్నానానికి ముందే, బొబ్బట్ల పైపిండి కలిపి పక్కన పెట్టండి. ఒకటింబావు గ్లాసు మైదాలో (సగం గోధుమపిండి కలుపుకున్నా బాగుంటుంది, బొబ్బట్టు కొంచెం గట్టిబడుతుందంతే) చిటికెడు ఉప్పు, చిటికెడు పసుపు వేసి, నీళ్లతో చపాతీ పిండికంటే మెత్తగా కలిపి, పైన నాలుగు చెంచాల నూనె పోసి మర్దించి మూత పెడితే రెండు గంటలలో సాగే గుణం వస్తుంది. నిమ్మకాయంత కొత్త చింతపండును గ్లాసు నీళ్లలో నానబెట్టేదీ ఇప్పుడే.

తలంటు స్నానానికి నువ్వులనూనె, సున్నిపిండి ఉంటే చాలు. నూనె చుక్కలు పడిన బాత్రూము నేల మీద పిల్లలు సులభంగా జారతారు, బిడ్డను పీట మీద కూర్చోబెట్టే పోయండి. స్నానం కాగానే కొత్తబట్టలు వేయాలన్న తొందర అందరిలోనూ ఉంటుంది. చింతపండు పులుసు, నెయ్యి మరకలు పట్టుబట్ట మీద పడితే ఆ పూటంతా బిడ్డకు చీవాట్లే మిగులుతాయి. పచ్చడి కలిపేవరకు శుభ్రమైన పాత నూలుబట్టలు వేసి, పూజకు కూర్చునేముందు కొత్తవి వేయడం మంచిది.

పచ్చడి కలిపేముందు, ఆరు చిన్న గిన్నెలు వరుసగా పెట్టండి. బెల్లం తీపికి, చింతపండు పులుసు పులుపుకు, ఉప్పు ఉప్పదనానికి, మామిడి తురుము వగరుకు, మిరియాల పొడి కారానికి, వేపరేకులు చేదుకు. పెద్దల పచ్చడిలో గుంటూరు మిరపపొడో, పచ్చిమిరపకాయ ముక్కలో వేసుకున్నా, పిల్లలకు మిరియాల పొడి, అదీ చిటికెడులో సగం చాలు. మామిడికాయను ముక్కలుగా కాక తురిమి వాడండి, చిన్నపిల్లలకు గొంతులో అడ్డుపడే భయం ఉండదు. ఒక్కొక్క గిన్నెలో బిడ్డ చిటికెనవేలు ముంచి నాలుకకు అంటించుకుంటుంది, మీరు రుచి పేరు చెప్పండి, తాను తిరిగి చెబుతుంది. చేదును ఆఖరున పెట్టవద్దు. నాలుగోదిగా పెడితే తరువాత పులుపు వస్తుంది, చివరకు బెల్లంతో ముగుస్తుంది.

ఇక్కడ పెద్దల మాటే ముఖ్యం. వేపరేకులు చూపించి తియ్యగా ఉంటుందని చెప్పి నోట్లో పెట్టవద్దు. ఇది చేదుగా ఉంటుందని, మనం నలిపిన పువ్వే ఇదని, నాన్నా తాతయ్యా కూడా తింటారని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తినకపోతే బలవంతం అక్కర లేదు, ఒక్క రేకు నాలుకకు తగిలినా ఈ ఏటికి సరిపోతుంది. ఒకసారి మోసపోయిన బిడ్డ మరుసటి ఏడు గిన్నె చూడగానే పారిపోతుంది.

తరువాత పచ్చడి కలపండి. కొత్త మట్టిముంత ఉంటే మంచిది, లేకపోతే స్టీలు గిన్నె. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు పులుపుకు పనికిరావు. నానిన చింతపండును పిసికి రసం వడకట్టేది మీరు. ముప్పావు గ్లాసు చిదిపిన బెల్లం అందులో వేసి కరిగేదాకా కలిపేది బిడ్డ. రసం కొంచెం చిక్కగా, చెంచాతో తాగడానికి వీలుగా ఉండాలి. సగం మామిడికాయ తురుము, చిటికెడు ఉప్పు, చివరగా వేపరేకులు వేయాలి. బిడ్డకూ పెద్దలకూ గిన్నెలు వేరు చేసి, కారం అప్పుడు కలుపుకోండి. కొందరు అరటిపండు ముక్కలు, కొబ్బరి, పుట్నాల పప్పు కూడా వేస్తారు. పిల్లలకు అరటిపండు బాగా నచ్చుతుంది, మెదిపి వేయండి. పుట్నాలు, జీడిపప్పు వంటివి ఐదేళ్లలోపు పిల్లలకు గింజలుగా ఇవ్వకూడదు, పొడి చేసి వేయాలి.

నైవేద్యం పెట్టాక, పరగడుపున తినేది ఈ పచ్చడే. తినేటప్పుడు చెప్పే ‘శతాయుర్వజ్రదేహాయ సర్వసంపత్కరాయ చ’ అనే శ్లోకాన్ని ఇంటి పెద్దల చేత రెండు మూడు పదాల చొప్పున పలికించండి, పిల్లలకు ఆ లయ తొందరగా పట్టుబడుతుంది. పచ్చడి ఎండకు తొందరగా పులిసిపోతుంది, ఆ పూటకు సరిపడానే చేసుకోవాలి.

బొబ్బట్లు: పెనం దగ్గర

ముందు చాక్‌పీసుతో పొయ్యి ముందు మూడడుగుల దూరంలో నేల మీద ఒక ముగ్గు గీత గీయండి. గీతకు ఇవతల బిడ్డకు పీట, అరిటాకు ముక్క, నూనె గిన్నె. అవతల పెనం, మీరు. గీత దాటకూడదన్న నియమం చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది, కనిపించని హద్దు అర్థం కాదు.

ఫ్రిజ్‌లోని ఉండలను అరగంట ముందు బయట పెట్టండి. నూనె పీల్చుకున్న పైపిండిలో నుంచి పూర్ణం ఉండకంటే కాస్త చిన్న ముద్ద తీసి, అరచేతిలో పలచగా పరిచి, ఉండను మధ్యలో పెట్టి అంచులు మూయాలి. పై పొర ఎంత పలచగా ఉంటే బొబ్బట్టు అంత బాగుంటుంది, నాలుగు వైపులా ఒకే మందం మాత్రం తప్పదు. మూసిన వైపు కిందికి వచ్చేటట్టు, నూనె రాసిన అరిటాకు మీద పెట్టి, వేళ్ల కొనలతో మధ్య నుంచి అంచులకు తట్టుకుంటూ వెళ్లండి. బిడ్డకు ఉసిరికాయంత ఉండ ఇచ్చి తన ఆకు మీద తట్టమనండి. పూర్ణం బయటికి వచ్చినచోట వేలితో చిటికెడు పిండి అతికించి పెనం మీద వేసేయవచ్చు, అక్కడ బెల్లం కాస్త మాడి కమ్మగానే ఉంటుంది.

పెనం మధ్యస్థంగా కాగాలి. ఆకుతో సహా పెనం మీద బోర్లించి, రెండు మూడు క్షణాల తరువాత ఆకు లాగేస్తే బొబ్బట్టు చిరగకుండా దిగుతుంది. అంచుల చుట్టూ నెయ్యి వేసి, అడుగున గోధుమరంగు చుక్కలు కనబడగానే తిప్పండి. ఎక్కువసేపు ఉంచితే గట్టిపడుతుంది. ఈ కొలతకు పన్నెండు నుంచి పదిహేను వస్తాయి. దించిన బొబ్బట్టులో పూర్ణం పైకి కనిపించేదానికంటే చాలా వేడిగా ఉంటుంది. బిడ్డకు ఇచ్చేముందు మధ్యకు తుంచి, ఆరనిచ్చి ఇవ్వండి. తన అరచేయంత బొబ్బట్టు ఒకటి మధ్యాహ్న భోజనానికి చాలు, రెండోది సాయంత్రానికి దాచండి.

మామిడికాయ పులిహోర గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. పిల్లల వాటా అన్నాన్ని ఎండుమిర్చి తాలింపు కలపకముందే తీసి, తురుము, పసుపు, ఉప్పు, నూనె మాత్రం కలిపి పెట్టండి. గారెలు ఆ రోజుకు మానుకున్నా లోటు లేదు. కాగే నూనెను, బిడ్డను ఒకే వంటింట్లో ఉంచడం నాకు ఇష్టం లేదు.

సాయంత్రం: ఏడాది పేరు

పంచాంగ శ్రవణం గంటలకొద్దీ సాగితే చిన్నపిల్లలు కూర్చోలేరు. వాళ్లకు ఒక్క విషయం చాలు: ఈ ఏడాదికి పేరుంది, తాను పుట్టిన ఏడాదికీ పేరుంది. ప్రభవ నుంచి అక్షయ వరకు అరవై పేర్లు తిరుగుతూ ఉంటాయి. 2021 ఏప్రిల్ 13న ప్లవ, 2022 ఏప్రిల్ 2న శుభకృత్, 2023 మార్చి 22న శోభకృత్, 2024 ఏప్రిల్ 9న క్రోధి, 2025 మార్చి 30న విశ్వావసు, 2026 మార్చి 19న పరాభవ మొదలయ్యాయి. జనవరి, ఫిబ్రవరిలో పుట్టిన బిడ్డ అంతకు ముందటి ఉగాదితో మొదలైన సంవత్సరానికి చెందుతుందని గమనించండి. బిడ్డది ఏ సంవత్సరమో చూసి, తాతయ్యకు, అమ్మమ్మకు ఫోను చేయించి, వాళ్లవి కూడా అడిగించి, ఒక కాగితం మీద ఇంటిల్లిపాదివీ రాసి క్యాలెండరు పక్కన అతికించండి.

ఇంద్రకీలాద్రి మీద ఉగాదితో వసంత నవరాత్రులు మొదలవుతాయి. పండుగనాడే దర్శనం కావాలన్న పట్టుదల లేకపోతే, తరువాతి రోజుల్లో ఒక పని దినాన తెల్లవారుజామున బిడ్డను తీసుకువెళ్లండి. ఎండ ఎక్కకముందే కొండ దిగవచ్చు.

తొమ్మిదోనాడు: పానకం, వడపప్పు

ఆ తొమ్మిది రోజులు శ్రీరామనవమితో ముగుస్తాయి. ఆ రోజు వంట దాదాపు పొయ్యి లేనిదే కాబట్టి, పనంతా బిడ్డ చేతుల మీదుగానే జరగవచ్చు. లీటరు మంచినీళ్లలో రెండు వందల గ్రాముల బెల్లం వేసి, కరిగేదాకా గరిటె తిప్పమనండి. పలచని గుడ్డలో వడకట్టాలి, బెల్లంలో ఇసుక, నలకలు ఉంటాయి. నాలుగు యాలకుల పొడి, చిటికెడు శొంఠి, రెండు తులసి దళాలు వేసి బిడ్డకు ఒక గ్లాసు తీశాక, మిగిలినదానిలో ఆరేడు మిరియాలు దంచి వేయండి. ఐసు ముక్కలు అక్కర లేదు, కుండనీళ్లతో కలిపితే కావలసినంత చల్లదనం ఉంటుంది.

వడపప్పుకు గ్లాసు పెసరపప్పును కడిగి రెండు గంటలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా వంచేసి, కొబ్బరి తురుము, మామిడి తురుము, ఉప్పు కలపాలి. కడగడం పిల్లలకు ఎంతో ఇష్టమైన పని, నీళ్లు తేటపడేదాకా ఎన్నిసార్లయినా కడగనివ్వండి. నానిన పప్పును మూడేళ్లలోపు పిల్లలకు కొద్దిగా మెదిపి పెట్టాలి. పానకం గ్లాసులు ఇరుగుపొరుగుకు అందించే పని బిడ్డదే కావాలి. పళ్లెం మీరు పట్టుకోండి, గ్లాసు తీసి ‘పానకం తీసుకోండి అత్తయ్యా’ అని తాను చెబుతుంది. వడపప్పు మధ్యాహ్నం దాటితే జిగురు వస్తుంది. ఉప్పు, మామిడి కలపకముందే కొంత పప్పు తీసి ఫ్రిజ్‌లో ఉంచుకుంటే, రాత్రికి జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు వేసి పెసరపచ్చడి రుబ్బుకోవచ్చు. బిడ్డకు ఎండుమిర్చి వేయకముందే ఒక ముద్ద తీసి, నెయ్యి అన్నంలో కలిపి పెట్టండి.